తీసుకున్న చోటే తిరిగిచ్చే ఏర్పాటు

డ్రైవర్ రాసిన ఇంజినీరుకు మెచ్చుకోలు దక్కేది పరికరం పనిచేసిన రోజున. పనితనం తేలేది పరికరం మొరాయించిన రోజున. బోర్డు మీద క్లాక్ అందలేదు. అడిగిన మెమరీ దొరకలేదు. పని మధ్యలో ఎవరో యూఎస్‌బీ కేబుల్ లాగేశారు. అప్పటిదాకా తీసుకున్నవన్నీ మీ కోడ్ వరుస తప్పకుండా వెనక్కి ఇచ్చి తప్పుకుంటుందా? లేక కొన్ని పట్టుకుని, కొన్ని వదిలేసి, మొత్తం సిస్టమ్‌ను తనతో పాటు పడగొడుతుందా?

మామూలు అప్లికేషన్ మధ్యలో ఆగిపోతే దాని మెమరీని, తెరిచిన ఫైళ్లను ఆపరేటింగ్ సిస్టమ్ సర్దేస్తుంది. డ్రైవర్ నడిచేది ఆపరేటింగ్ సిస్టమ్ లోపలే కాబట్టి దాని వెనక సర్దేవాళ్లు ఎవరూ లేరు. మీరు వదిలేసిన మెమరీ రీబూట్ దాకా పోయినట్టే. మీరు ఆపని క్లాక్ కరెంటు తింటూనే ఉంటుంది. మీరు ఇంటరప్ట్ హ్యాండ్లర్ తీసేయడం మరిస్తే, మాడ్యూల్ దిగిపోయాక వచ్చిన ఇంటరప్ట్‌తో కెర్నల్ లేని కోడ్‌లోకి దూకుతుంది.

2001లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఆండీ చౌ, డాసన్ ఎంగ్లర్, వారి సహచరులు లినక్స్ కెర్నల్ మొత్తాన్ని ఒక విశ్లేషణ ప్రోగ్రాముతో తనిఖీ చేశారు. కొన్ని రకాల తప్పులు మిగతా కెర్నల్ కంటే డ్రైవర్లలో మూడు నుంచి ఏడు రెట్లు ఎక్కువగా బయటపడ్డాయి. డ్రైవర్ కోడ్‌లో అంతా సవ్యంగా సాగే దారి రోజూ నడుస్తుంది. తప్పు జరిగినప్పుడు నడిచే దారి రాసినవాళ్ల బల్ల మీద ఒక్కసారి కూడా నడవకుండానే కస్టమర్ దగ్గరికి వెళ్లిపోతుంది. నడవని కోడ్‌లో తప్పు ఎవరి కంటా పడదు.

ఈ అధ్యాయంలో మీరు అలవరచుకోవలసింది ఒక్కటే. దేన్నైనా తీసుకునే వాక్యం రాసేటప్పుడే దాన్ని తిరిగిచ్చే ఏర్పాటు కూడా చేసేయండి. తర్వాత గుర్తుపెట్టుకుని చేద్దామనుకోకండి. గుర్తుపెట్టుకునే పనిని యంత్రానికి అప్పగించవచ్చు. తీసుకున్నది ఎవరిది, అది ఎంతకాలం ఉండాలి అన్న నిర్ణయం మాత్రం ఎప్పటికీ మీదే. ఉదాహరణలన్నీ లినక్స్ నుంచే ఇస్తున్నాను. ఈ సమస్యకు ఒకదాని తర్వాత ఒకటిగా వచ్చిన పరిష్కారాలు అక్కడ అందరూ చదవగలిగేలా ఉన్నాయి.

ఆరు మెట్లు

ఒక సెన్సర్ చిప్‌కు డ్రైవర్ రాస్తున్నారనుకోండి. పరికరం కనపడగానే కెర్నల్ మీ ప్రోబ్ ఫంక్షన్‌ను పిలుస్తుంది. అందులో మీరు చేసే పనులు దాదాపు ఇవి:

1. డ్రైవర్ సొంత సమాచారానికి మెమరీ తీసుకోవడం.
2. రెగ్యులేటర్ ఆన్ చేసి చిప్‌కు కరెంటు ఇవ్వడం.
3. క్లాక్ నడపడం.
4. చిప్ రిజిస్టర్లను కెర్నల్ అడ్రసుల్లోకి మ్యాప్ చేసుకోవడం.
5. ఇంటరప్ట్‌కు హ్యాండ్లర్ పెట్టడం.
6. సబ్‌సిస్టమ్‌లో నమోదు చేసి, పరికరాన్ని యూజర్ ప్రోగ్రాములకు అందుబాటులోకి తేవడం.

అయిదో మెట్టు దగ్గర ఎర్రర్ వచ్చిందంటే నాలుగు, మూడు, రెండు, ఒకటి అన్న వరుసలో అన్నీ విప్పాలి. పెళ్లి పందిరి విప్పడం లాంటిదిది. చివర పరిచిన తాటాకులు ముందు దిగుతాయి, మొదట పాతిన రాట చివర్న కదులుతుంది. రాట ముందు పీకితే పందిరి మనుషుల మీద పడుతుంది. డ్రైవర్‌లోనూ అంతే: ఇంటరప్ట్ ఇంకా వస్తుండగా క్లాక్ ఆపేస్తే, హ్యాండ్లర్ వెళ్లి క్లాక్ లేని చిప్ రిజిస్టర్‌ను చదవబోతుంది. చాలా ఎస్‌ఓసీల్లో అలా ఒక్కసారి చదవబోయినా మొత్తం సిస్టమ్ బిగుసుకుపోతుంది.

ప్రతి మెట్టు దగ్గరా తప్పుకునే దారి వేరు, దాని పొడవు వేరు. వీటికి తోడు, అన్నీ సవ్యంగా సాగాక ఎప్పుడో డ్రైవర్‌ను తీసేసే రోజున నడిచే రిమూవ్ ఫంక్షన్ ఒకటి. ఇన్ని దారుల్ని ఒక మనిషి తలలో పెట్టుకోవాలని ఆశించడమే అసలు పొరపాటు.

గోటూ నిచ్చెన

సీ భాషలో డిస్ట్రక్టర్లు లేవు, ఎక్సెప్షన్లు లేవు. అందుకే లినక్స్‌లో తొలినుంచీ ఉన్న పద్ధతి గోటూ. కాలేజీలో గోటూ వాడొద్దని నేర్చుకుని ఉంటారు. కెర్నల్ కోడింగ్ స్టయిల్ పత్రం మాత్రం, ఒకే ఫంక్షన్‌లోంచి చాలాచోట్ల బయటపడాల్సి వచ్చి, పోయేముందు శుభ్రం చేయాల్సిన పని ఉంటే, గోటూతో ఫంక్షన్ చివరకు వెళ్లమనే చెబుతుంది. చివర్లో లేబుళ్లు మెట్ల వరుసకు తలకిందులుగా ఉంటాయి. ఎక్కడ ఎర్రర్ వస్తే అక్కడినుంచి సరైన లేబుల్‌కు దూకి, కిందివన్నీ వరసగా విప్పుకుంటూ దిగుతారు.

ఇది గౌరవించాల్సిన పద్ధతి. ఇప్పటికీ వేలాది డ్రైవర్లు దీని మీదే నడుస్తున్నాయి, మీరు ముందు నేర్చుకోవాల్సిందీ ఇదే. లేబుళ్లకు ఎర్రర్1, ఎర్రర్2 అని అంకెలు వేయకండి. మధ్యలో ఒకటి చేర్చాల్సి వస్తే అంకెలన్నీ మార్చాల్సి వస్తుంది. "క్లాక్ ఆపు", "రెగ్యులేటర్ ఆపు" అని, అక్కడ జరిగే పని పేరే పెట్టండి.

దీని బలహీనత కాలం గడిచేకొద్దీ బయటపడుతుంది. ఆర్నెల్ల తర్వాత ఎవరో మూడో మెట్టుకూ నాలుగో మెట్టుకూ మధ్య కొత్తది చేరుస్తారు. నాలుగో మెట్టులోని గోటూ పాత లేబుల్‌కే దూకుతూ ఉంటుంది. ఇంకెవరో మధ్యలో ఒక తనిఖీ పెట్టి, గోటూ రాయాల్సిన చోట తిన్నగా రిటర్న్ రాస్తారు. ప్రోబ్ వైఫల్య దారిలో దిద్దింది రిమూవ్‌లో దిద్దడం మరిచిపోతారు. మూడు సందర్భాల్లోనూ కోడ్ కంపైల్ అవుతుంది, పరికరం పనిచేస్తుంది, తప్పు దాక్కునే ఉంటుంది.

డెవ్‌ఎం: పరికరంతో ముడిపడ్డ బాధ్యత

2007లో కెర్నల్ డెవలపర్ తేజున్ హియో ఈ చిక్కుకు ఒక పరిష్కారం తెచ్చారు. డిస్క్ కంట్రోలర్లను నడిపే లిబ్‌ఆటా డ్రైవర్లను కొత్త పద్ధతిలోకి మారుస్తూ ఉండగా, వాటి ప్రోబ్ వైఫల్య దారులూ రిమూవ్ దారులూ లోపాలతో నిండి ఉన్నాయని ఆయన గమనించారు. సరైన పత్రాలు లేని హార్డ్‌వేర్‌తో రోజంతా కుస్తీ పట్టాక పరికరం ఎట్టకేలకు పనిచేసిందంటే, అలసిపోయిన మనిషి ఇక వైఫల్య దారి వైపు చూడడు. అలసిన మనిషిని తిట్టి లాభం లేదు. అలసిన మనిషి రాసినా సరిగ్గా ఉండే ఏర్పాటు కావాలి.

ఆ ఏర్పాటు పేరు డెవ్‌రెస్. కెర్నల్‌లో ప్రతి పరికరానికీ ఒక జాబితా ఉంటుంది. మీరు డెవ్‌ఎం అనే ముందుమాట ఉన్న ఫంక్షన్‌తో మెమరీనో ఇంటరప్ట్‌నో తీసుకుంటే, దాన్ని ఎలా తిరిగివ్వాలో కూడా అదే క్షణంలో ఆ జాబితాకెక్కుతుంది. ప్రోబ్ విఫలమైనా, డ్రైవర్ పరికరం నుంచి విడిపోయినా, కెర్నల్ ఆ జాబితాను చివరినుంచి మొదటికి చదువుతూ అన్నిటినీ విడుదల చేస్తుంది. అప్పుడు మీ ఆరు మెట్లలో ఎక్కడ ఎర్రర్ వచ్చినా, రాయాల్సింది ఆ ఎర్రర్ కోడ్‌ను రిటర్న్ చేయడం ఒక్కటే. చాలా డ్రైవర్లలో రిమూవ్ ఫంక్షనే అవసరం ఉండదు.

సిద్ధంగా డెవ్‌ఎం రూపం లేనివాటికి డెవ్‌ఎం_యాడ్_యాక్షన్_ఆర్_రీసెట్ ఉంది. మీరు రాసిన విప్పే ఫంక్షన్‌ను అది జాబితాలో చేరుస్తుంది. చేర్చడమే విఫలమైతే ఆ ఫంక్షన్‌ను అక్కడికక్కడే నడిపి, ఎర్రర్ ఇస్తుంది. పరికరాన్ని ఆన్ చేసిన మరు వాక్యంలోనే దీన్ని పిలవండి, మధ్యలో ఇంకే పనీ పెట్టకండి.

పేరు చూసి నమ్మేయడం మాత్రం వద్దు. డెవ్‌ఎం_సీఎల్‌కే_గెట్ మీకిచ్చేది క్లాక్ మీద పట్టు మాత్రమే. తర్వాత మీరే క్లాక్‌ను నడిపితే, ఆపే బాధ్యతా మీదే. అది జాబితాలో లేదు. నడపడం, ఆపడం కూడా కలిపి చూసుకునే డెవ్‌ఎం_సీఎల్‌కే_గెట్_ఎనేబుల్డ్ 2022లో గానీ రాలేదు. కొత్త ఫంక్షన్ వాడే ప్రతిసారీ, ఇది సరిగ్గా దేన్ని తిరిగిస్తుంది అని దాని కోడ్ తెరిచి చూసుకోవడం అలవాటు చేసుకోండి. అయిదు నిమిషాల పని అది.

డెవ్‌ఎం వాడేముందు మూడు ప్రశ్నలు

మొదటిది: ఇది ఎంతకాలం ఉండాలి? డెవ్‌ఎంతో తీసుకున్నది డ్రైవర్ పరికరాన్ని అంటిపెట్టుకుని ఉన్నంతకాలం ఉంటుంది. యూజర్ ఫైల్ తెరిచిన ప్రతిసారీ నడిచే ఓపెన్ ఫంక్షన్‌లో డెవ్‌ఎం మెమరీ తీసుకున్నారంటే, తెరిచిన ప్రతిసారీ జాబితా పెరుగుతూనే ఉంటుంది, మూసినప్పుడు తగ్గదు. డెవ్‌ఎం స్థానం ప్రోబ్‌లో, ప్రోబ్ పిలిచే ఫంక్షన్లలో.

రెండోది: వరుస చెడడం లేదు కదా? రిమూవ్ ఫంక్షన్ ముందు నడుస్తుంది, డెవ్‌ఎం జాబితా ఆ తర్వాత విడుదలవుతుంది. ఇంటరప్ట్‌ను డెవ్‌ఎంతో తీసుకుని, క్లాక్‌ను రిమూవ్‌లో చేత్తో ఆపారనుకోండి. క్లాక్ ఆగిన క్షణానికీ హ్యాండ్లర్ తొలగిన క్షణానికీ మధ్య ఒక ఇంటరప్ట్ వచ్చిందంటే పైన చెప్పిన ప్రమాదమే జరుగుతుంది. అందుకే ఈ నియమం పెట్టుకోండి: మొదటినుంచి డెవ్‌ఎంతో వెళ్లండి. ఏదో ఒక మెట్టు దగ్గర డెవ్‌ఎం లేనిది వాడక తప్పకపోతే, ఆ తర్వాతి మెట్లన్నీ చేత్తోనే విప్పండి. ఒకే వరుసలో రెంటినీ కలగాపులగం చేయకండి.

మూడోది: దీన్ని చివరిసారి వాడేది ఎవరు? కష్టమైన ప్రశ్న ఇదే. ఒక ప్రోగ్రాము మీ పరికరం ఫైల్‌ను తెరిచి ఉంచింది. ఇంతలో యూఎస్‌బీ కేబుల్ ఊడింది. డ్రైవర్ విడిపోయింది, డెవ్‌ఎం_కేజెడ్‌అలాక్ ఇచ్చిన మెమరీ విడుదలైపోయింది. ప్రోగ్రాముకు అది తెలియదు. కాసేపాగి అది ఫైల్‌ను చదువుతుంది, లేదా మూస్తుంది. మీ కోడ్ అప్పుడు ముట్టుకునేది ఇప్పటికే వేరొకరికి ఇచ్చేసిన మెమరీని. 2022లో డబ్లిన్‌లో జరిగిన లినక్స్ ప్లంబర్స్ సదస్సులో లోరాం పాంషార్ ప్రత్యేకంగా ఈ ప్రమాదం మీదే మాట్లాడారు. యూజర్ చేతికి చేరే ప్రతిదాన్నీ ఎంతమంది వాడుతున్నారో లెక్క పెట్టుకోవాలి, ఆఖరివాడు వదిలాకే మెమరీని విడుదల చేయాలి. గ్రాఫిక్స్ డ్రైవర్ల సబ్‌సిస్టమ్ అయిన డీఆర్‌ఎమ్‌లో ఇందుకోసమే వేరే ఏర్పాటు ఉంది. అక్కడ విడుదల డ్రైవర్ విడిపోవడంతో ముడిపడి ఉండదు, డీఆర్‌ఎమ్ పరికరాన్ని వాడే ఆఖరి వ్యక్తి తప్పుకోవడంతో ముడిపడి ఉంటుంది.

యంత్రానికి అప్పగించగలిగిన పని ఎక్కడ ఆగిపోతుందో ఈ మూడో ప్రశ్న చూపిస్తుంది. విడుదల చేయడం డెవ్‌ఎం మరిచిపోదు. ఎప్పుడు విడుదల చేయాలో మాత్రం మీరు చెప్పిందే చేస్తుంది.

ఫంక్షన్ దాటేలోపు

పరికరంతో ముడిపడనివీ ఉంటాయి. ఒక ఫంక్షన్‌లో మొదలై అక్కడే ముగిసే లాక్, తాత్కాలికంగా తీసుకునే బఫర్ లాంటివి. వీటికోసం పీటర్ జైల్‌స్ట్రా చేసిన పని 2023లో లినక్స్ 6.5లో చేరింది. జీసీసీ, క్లాంగ్ కంపైలర్లలో ఎప్పటినుంచో ఒక సౌకర్యం ఉంది: వేరియబుల్ తన పరిధి దాటగానే చెప్పిన ఫంక్షన్‌ను పిలవడం. దాన్నే కెర్నల్ పద్ధతికి మలిచారు. గార్డ్‌తో లాక్ తీసుకుంటే, ఏ రిటర్న్ దగ్గర బయటపడినా లాక్ దానంతటదే విడిపోతుంది. ఫ్రీ అనే గుర్తు పెట్టిన పాయింటర్ మెమరీ, ఫంక్షన్ నుంచి బయటకు వస్తుండగానే విడుదలవుతుంది.

ఇక్కడ పాటించాల్సినవి మూడు.

వేరియబుల్‌ను ప్రకటించిన చోటే విలువ ఇవ్వండి. ఫంక్షన్ మొదట్లో నల్ అని పెట్టి తర్వాత నింపే పాత అలవాటు మానండి. విడుదల జరిగేది ప్రకటించిన వరుసకు తలకిందులుగా. పాయింటర్‌ను పైన ప్రకటించి, లాక్‌ను దాని కింద తీసుకున్నారంటే, లాక్ ముందు విడిపోయి, పాయింటర్ ఆ తర్వాత విడుదలవుతుంది. ఆ విడుదలకు లాక్ అవసరమైతే అప్పుడు మీ చేతిలో లాక్ ఉండదు.

ఒకే ఫంక్షన్‌లో గోటూనూ దీన్నీ కలపకండి. కెర్నల్ పత్రాల సలహా ఇదే. గోటూ ఒక ప్రకటన మీదుగా దూకితే, విలువే పడని పాయింటర్‌ను విడుదల చేసే ప్రమాదం ఉంది. మారుస్తే ఫంక్షన్ మొత్తం మార్చండి, లేదంటే గోటూతోనే ఉండనివ్వండి.

యాజమాన్యం చేతులు మారినప్పుడు ఆ సంగతి కోడ్‌లో కనపడాలి. బఫర్‌ను ఒక జాబితాలో చేర్చారంటే ఇక అది జాబితాది. నో_ఫ్రీ_పీటీఆర్‌తో పాయింటర్‌ను అప్పగించి, మీ హక్కు వదులుకోండి. అలా వదులుకోకపోతే జాబితాలో ఉన్నది మీ ఫంక్షన్ ముగియగానే విడుదలైపోతుంది.

ఎర్రర్‌ను దాచకండి

విప్పే పని యంత్రం చూసుకుంటుంటే, మీ దృష్టి ఎర్రర్ మీద నిలపడానికి వీలు చిక్కుతుంది. కింది ఫంక్షన్ ఏ కోడ్ ఇచ్చిందో పైకి అదే పంపండి. మెమరీ చాలలేదా, పరికరమే లేదా, ఇన్‌పుట్-అవుట్‌పుట్ తప్పా అన్నది ఆ అంకెలోనే ఉంటుంది. అన్నిటికీ ఒకే మైనస్ 1 ఇస్తే, తర్వాత కారణం వెతికేవాళ్ల చేతిలో ఏమీ మిగలదు.

కొన్ని ఫంక్షన్లు విఫలమైతే నల్ ఇస్తాయి, కొన్ని ఎర్రర్ పాయింటర్ ఇస్తాయి. డెవ్‌ఎం_కేజెడ్‌అలాక్ మొదటి రకం, డెవ్‌ఎం_ఐఓరీమ్యాప్_రిసోర్స్ రెండో రకం. నల్ ఇచ్చే ఫంక్షన్‌ను తనిఖీ చేసి, తర్వాత ఆ పాయింటర్ నుంచే ఎర్రర్ కోడ్ తీయబోతే వచ్చేది సున్నా. కెర్నల్‌లో సున్నా అంటే విజయం. పరికరం లేకుండానే ప్రోబ్ సఫలమైందని మీ డ్రైవర్ చెప్పేస్తుంది. అలాగే ఇంటరప్ట్ నంబరును సైన్ లేని వేరియబుల్‌లో దాచుకుంటే, సున్నా కంటే తక్కువా అన్న తనిఖీ ఎప్పటికీ నిజం కాదు.

మైనస్ 517, అంటే ఈప్రోబ్_డిఫర్, "ఇంకా సిద్ధంగా లేదు, తర్వాత మళ్లీ పిలువు" అని చెబుతుంది. మీకు కావాల్సిన రెగ్యులేటర్ డ్రైవర్ ఇంకా రాకపోతే వచ్చేది ఇదే. దీన్ని వేరే కోడ్‌గా మార్చారంటే కెర్నల్ మిమ్మల్ని మళ్లీ పిలవదు, పరికరం ఎప్పటికీ లేవదు. 2020లో వచ్చిన డెవ్_ఎర్ర్_ప్రోబ్ దీన్ని గుర్తుపట్టి లాగ్ నింపకుండా ఊరుకుంటుంది, అసలు ఎర్రర్లను మాత్రం అచ్చువేస్తుంది.

విఫలమై కూడా ఏదో ఒకటి పట్టుకునే ఫంక్షన్లు ఉంటాయి. పీఎం_రన్‌టైమ్_గెట్_సింక్ ఎర్రర్ ఇచ్చినా వాడకం లెక్కను ఒకటి పెంచేసే ఉంటుంది. తగ్గించకపోతే పరికరం ఇక నిద్రపోదు. ఎందరో ఇక్కడ తడబడ్డాకే, విఫలమైతే లెక్కను తానే సరిచేసే పీఎం_రన్‌టైమ్_రెజ్యూమ్_అండ్_గెట్ 2020లో వచ్చింది.

రిమూవ్ ఫంక్షన్‌కు విఫలమయ్యే అవకాశమే లేదని గుర్తుంచుకోండి. ప్లాట్‌ఫామ్ డ్రైవర్లలో అది ఇచ్చిన ఎర్రర్‌ను కెర్నల్ ఒక హెచ్చరిక రాసి పక్కన పెట్టేది, డ్రైవర్ ఎలాగూ విడిపోయేది. మధ్యలో ఎర్రర్ ఇచ్చి వెనుదిరిగిన రిమూవ్, మిగతావన్నీ వదిలేసి వెళ్లినట్టే. అందుకే ఆ ఫంక్షన్ ఏ విలువా ఇవ్వకుండా మార్చేశారు.

కావాలని విఫలం చేయండి

రాసిన వైఫల్య దారిని ఒక్కసారైనా నడిపి చూడనిదే పని పూర్తయిందని చెప్పకండి. కెర్నల్‌లోని ఫాల్ట్ ఇంజెక్షన్‌తో మెమరీ అభ్యర్థనలను కావాలని విఫలం చేయవచ్చు. ఫెయిల్-ఎన్‌త్ సౌకర్యంతో మొదటి పిలుపు, తర్వాత రెండోది, ఆ తర్వాత మూడోది అంటూ ప్రతి మెట్టునూ వరసగా పడగొట్టి చూడవచ్చు. సిస్‌ఎఫ్‌ఎస్‌లో బైండ్, అన్‌బైండ్ ఫైళ్లతో డ్రైవర్‌ను పదేపదే తగిలించి విప్పండి. విడుదలైన మెమరీని ముట్టుకుంటే కేసాన్ పట్టుకుంటుంది, విడుదల కాకుండా మిగిలింది కేమెమ్‌లీక్ చూపిస్తుంది. ఇంటరప్ట్‌ను ఇతరులతో పంచుకునే డ్రైవర్ అయితే డీబగ్_ఎస్‌హెచ్‌ఐఆర్‌క్యూ ఎంపిక పెట్టుకోండి. హ్యాండ్లర్ తొలగించే సమయంలో అది ఒక ఉత్తుత్తి ఇంటరప్ట్ పంపి, మీ వరుస సరైనదో కాదో తేల్చేస్తుంది.

ఈ వారం సాధన

1. మీ చేతిలో ఉన్న ఒక డ్రైవర్ తీసుకోండి. ప్రోబ్‌లో తీసుకుంటున్నవన్నీ కాగితం మీద ఒక వరుసలో రాయండి. ప్రతిదాని ఎదురుగా, దాన్ని ఎవరు విడుదల చేస్తారో, ఎప్పుడు చేస్తారో రాయండి. ఖాళీగా మిగిలిన గడే మీ మొదటి పని.
2. డెవ్‌ఎంతో తీసుకున్నవాటికీ చేత్తో తీసుకున్నవాటికీ వేర్వేరు రంగులు వేయండి. డెవ్‌ఎం కాని దాని కింద డెవ్‌ఎం రంగు కనపడితే అక్కడ ఆగి, విప్పే వరుస సరిచూడండి.
3. యూజర్ ప్రోగ్రాము చేతికి చేరే వస్తువులను గుర్తించి, పరికరం ఊడిపోయాక ఎవరైనా వాటిని ముట్టుకోగలరా అని అడగండి.
4. ప్రతి ఎర్రర్ తనిఖీ దగ్గర, కింది ఫంక్షన్ నల్ ఇస్తుందో ఎర్రర్ పాయింటర్ ఇస్తుందో అంకె ఇస్తుందో నిర్ధారించుకోండి.
5. ప్రతి మెట్టునూ ఒక్కసారి కావాలని విఫలం చేసి, కేసాన్, కేమెమ్‌లీక్ మౌనంగా ఉన్నాయని చూసుకున్నాకే ప్యాచ్ పంపండి.

2001 నాటి అధ్యయనం జరిగిన పదేళ్లకు జూలియా లావాల్ తదితర పరిశోధకులు అవే తనిఖీలను మళ్లీ చేశారు. అప్పటికి డ్రైవర్ల కోడ్ బాగా పెరిగినా, కోడ్ పరిమాణంతో పోల్చి చూస్తే తప్పులు తగ్గాయి. అంటే ఈ క్రమశిక్షణ నేర్చుకోగలిగిందే. మీ డ్రైవర్‌లో ఏడో మెట్టు చేర్చేది మీరు కాకపోవచ్చు. ఏ హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో కొత్తగా ఉద్యోగంలో చేరిన అమ్మాయో అబ్బాయో, మీ పేరు కూడా తెలియకుండా, ఒక వాక్యం చేర్చి ఎర్రర్ వస్తే రిటర్న్ అని రాస్తారు. ఆ ఒక్క రిటర్న్ ఏ ప్రమాదమూ లేకుండా పనిచేసేలా కోడ్‌ను ఈరోజే తీర్చిదిద్దండి.